స్కూల్ కౌన్సెలర్‌గా మారాలనుకుంటున్న ఒక టీచర్‌కు

మీరు ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్నారు. గంట కొట్టాక కూడా ఇద్దరు ముగ్గురు పిల్లలు మీ బల్ల దగ్గర ఆగి ఇంటి సంగతులూ మనసులోని బరువూ చెప్పుకుంటున్నారనీ, నా అసలు పని ఇదేమో అనిపించి కౌన్సెలింగ్ చదివి అటు మారాలనుకుంటున్నాననీ రాశారు. మూడు సంగతులు అడిగారు. కౌన్సెలర్ పనంటే సలహాలివ్వడమేనా? తొమ్మిది వందల మంది పిల్లలున్న బడిలో ఒక్క మనిషి ఏం చేయగలదు? ఎవరైనా ఏడిస్తే ఆ రాత్రి నిద్రపట్టని దాన్ని, ఇందులో నిలబడగలనా? నేను 22 ఏళ్ళుగా స్కూల్ కౌన్సెలర్‌గా ఉన్నాను. రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండింటి జవాబూ చాలావరకు అందులోనే ఉంది.

హవాయి దీవుల్లో ఒకటైన కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు వాళ్ళకు నలభై ఏళ్ళు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, పుట్టుకలో చిక్కులు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక జబ్బు, ఇంట్లో తెగని గొడవలు. రెండేళ్ళు నిండేలోపే ఇలాంటివి నాలుగో అంతకంటే ఎక్కువో మీద పడ్డ పిల్లలను విడిగా చూశారు. వాళ్ళలో మూడోవంతు మంది చదువుకుని, పనిలో నిలదొక్కుకుని, నలుగురితో కలిసిమెలిసి బతికే మనుషులయ్యారు. అలా ఎదిగిన పిల్లల్లో కనిపించిన విషయాల్లో ఒకటి, తనను పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒకరు ఉండటం. ఆ మనిషి కన్నవాళ్ళే కానక్కర్లేదు. అమ్మమ్మో, తాతో, పక్కింటివాళ్ళో, ఒక టీచరో.

ఈ సంగతి తెలిశాక చాలామంది, ఆ ఒక్క మనిషిని నేనే అవుతాను అని ఈ వృత్తిలోకి వస్తారు. నేనూ అలాగే వచ్చాను. మొదటి మూడేళ్ళు నా గదికి క్రమం తప్పకుండా వచ్చే పిల్లలు ముప్ఫై మందిదాకా ఉండేవారు. మధ్యాహ్నం విరామంలో, సాయంత్రం బడి విడిచాక, సెలవుల్లో ఫోన్ మీద, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేదాన్ని. నాలుగో ఏడు ఇంకో బడికి మారాల్సి వచ్చింది. వెళ్ళేముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని, నేను లేనప్పుడు ఎవరితో చెప్పుకుంటావని అడిగాను. సగం మందికి పైగా ఒక్క పేరు కూడా చెప్పలేకపోయారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, “అయితే ఎవరికైనా మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలా మేడమ్?” అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. మూడేళ్ళు వాళ్ళు చెప్పారు, నేను విన్నాను. ఆ కాస్త ఊరట అబద్ధం కాదు. కానీ వాళ్ళ చుట్టూ ఉన్న లోకంలో నేను ఒక్క తలుపు కూడా తెరవలేదు. అన్ని తలుపులకూ బదులు నేనే నిలబడ్డాను. నేను కదలగానే అన్నీ ఒక్కసారి మూతపడ్డాయి.

అప్పటినుంచి నా పనిని చూసే తీరు మారింది. పిల్లవాడికి కావలసిన ఆ ఒక్క మనిషి ఎవరో వాడితో కలిసి వెతకడం, దొరికాక ఇద్దరి మధ్యా దారి వేయడం, ఆ తర్వాత పక్కకు తప్పుకోవడం. తొమ్మిది వందల మందికి నేను ఆత్మీయురాలిని కాలేను. కానీ ఒక బడిలో ఇన్ని వందల మంది పిల్లలకు యాభై అరవై మంది పెద్దవాళ్ళు ఉంటారు. ఆ లెక్కతో చూస్తే పని చేయదగినదిగా కనిపిస్తుంది.

ఎలా చేస్తానో చెబుతాను. నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లనూ రెండో మూడో కలయికలో ఒక మాట అడుగుతాను: “రేపు నీకు బడిలో కాళ్ళూ చేతులూ ఆడనంత కష్టం వచ్చిందనుకో. నేను సెలవులో ఉన్నాను. ఎవరి దగ్గరికి వెళ్తావు?” జవాబులు మనం ఊహించినట్టు ఉండవు. లెక్కల టీచర్ అంటారని ఎదురుచూస్తే ల్యాబ్ అటెండర్ పేరు వస్తుంది. లైబ్రేరియన్, ఆటల మాస్టారు, గేటు దగ్గర ఉండే ఆయన, రెండేళ్ళ కిందట పాఠం చెప్పి ఇప్పుడు వేరే తరగతులకు వెళ్తున్న టీచర్. పిల్లవాడి అనుమతి తీసుకుని ఆ మనిషిని కలుస్తాను. రహస్యాలేవీ చెప్పను. “ఈ అబ్బాయికి మీరంటే గురి. వారానికి రెండుసార్లు పేరుపెట్టి పలకరించండి, వాడొచ్చి నిలబడితే ఐదు నిమిషాలు ఇవ్వండి” అంటాను, అంతే. తమ మీద ఒక పిల్లవాడు అంత నమ్మకం పెట్టుకున్నాడని తెలిసి కళ్ళు చెమర్చిన పెద్దవాళ్ళను చూశాను. ఇంతవరకు కాదన్నవాళ్ళు నాకు తగల్లేదు.

పేరు చెప్పలేని పిల్లల గురించే ఎక్కువ కంగారుపడాలి. ఏడాదికి ఒకసారి తలుపులు వేసిన స్టాఫ్‌రూమ్‌లో పిల్లలందరి పేర్లూ గోడకు అంటిస్తాం. ప్రతి పెద్దమనిషీ తనకు నిజంగా తెలిసిన పిల్లల పేర్ల పక్కన ఒక చుక్క పెట్టాలి. తెలియడమంటే పేరు, మార్కులు కాదు, ఇంట్లో ఎవరుంటారో, దేనికి భయపడతాడో, దేనికి నవ్వుతాడో తెలియడం. చివర్లో చూస్తే కొన్ని పేర్ల పక్కన పది చుక్కలుంటాయి. బాగా చదివేవాళ్ళు, బాగా అల్లరి చేసేవాళ్ళు. కొన్ని పేర్ల పక్కన ఒక్కటీ ఉండదు. గది నిశ్శబ్దమైపోతుంది. ఆ పేర్లను అక్కడికక్కడే పంచుకుంటాం, ఒక్కొక్కరూ ఒకరిద్దరిని. కాగితాలు అప్పుడే తీసేస్తాం, పిల్లల కంట పడకూడదు. మీరు కౌన్సెలర్ అయినా కాకపోయినా ఇది మీ బడిలో వచ్చే నెలే చేయించవచ్చు.

సంఖ్యల మాటకొస్తే, 1952లో ఏర్పడిన అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ 250 మంది పిల్లలకు ఒక కౌన్సెలర్ ఉండాలని చెబుతుంది. చాలా బడుల్లో అది కలలోని మాట. అందుకే పిల్లలను ఒక్కొక్కరినే గదికి పిలిచి మాట్లాడటంతోనే పని నడవదు. అందరికీ తరగతి గదుల్లో చెప్పేవి కొన్ని ఉంటాయి: కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఏమవుతుంది, స్నేహితుడు బాధలో ఉంటే ఎవరికి చెప్పాలి, సాయం అడగడం ఎలా. కొందరికి చిన్న బృందాలు: కొత్తగా చేరినవాళ్ళు, ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు, పరీక్షంటే వణికేవాళ్ళు. బహు కొద్దిమందికే ఒంటరిగా కూర్చుని చేసే పని. ఈ మూడో అంతస్తు మీదే మనసంతా ఉంటే కింది రెండూ ఎండిపోతాయి, అప్పుడు పైకి వచ్చేవాళ్ళ వరస పెరుగుతూనే ఉంటుంది.

ఇక మీ మొదటి ప్రశ్న, సలహాలు. మీ దగ్గర ఆగే పిల్లలు తమంతట తాము వస్తున్నారు. కౌన్సెలర్ గదికి వచ్చేవాళ్ళలో చాలామంది అలా రారు. పంపితే వస్తారు. “పో, పోయి కౌన్సెలర్‌ను కలువు” అని ఎవరో కోపంగా అంటే, శిక్ష అనుకుని వస్తారు. తల దించుకుని, చేతులు కట్టుకుని, గడియారం వైపు చూస్తూ కూర్చుంటారు. ఆ పిల్లవాడికి అప్పటికే ఇంట్లో, తరగతిలో, బంధువుల దగ్గర సలహాలు అందాయి. అవి పనిచేసి ఉంటే నా ముందు కూర్చునేవాడే కాదు. అందుకని నేను మొదట అడిగేది, “నువ్వెందుకు వచ్చావు?” అని కాదు. “నిన్ను ఇక్కడికి పంపినవాళ్ళు ఏం మారితే చాలనుకుంటున్నారంటావు? అందులో నీకూ కావాలనిపించేది ఏమైనా ఉందా?” అని. ఈ రెండో ప్రశ్న దగ్గర తల పైకెత్తుతారు.

మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1957లో రాసిన ఒక వ్యాసంలో, మనిషి మారడానికి వినేవాడి నుంచి కావాలని చెప్పినవాటిలో మూడు నాకు అన్నంత సులువుగా ఎన్నడూ రాలేదు, రోజూ సాధన చేస్తూనే ఉన్నాను: ఎదుటివాడి బాధను వాడి చోటునుంచి చూడటం, షరతు పెట్టకుండా ఆదరించడం, తాను తానుగా ఉండటం. టీచర్‌గా ఉన్నవాళ్ళకు రెండోది చాలా కష్టం. తప్పు కనపడగానే దిద్దడం మనకు అలవాటుగా మారి ఉంటుంది. పిల్లవాడు “నేను వాణ్ణి కొట్టాను, మంచిదైంది” అంటే, “కొట్టడం తప్పు కదా” అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపి, “అంతదాకా ఎలా వచ్చింది?” అని అడగగలగాలి. ఆ మాట ఆపడం నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

బడిలో మనకు దొరికే సమయం ఇరవై నిమిషాలు, మహా అయితే ఒక పీరియడ్. తర్వాతి గంటలో ఆ పిల్లకు పరీక్ష ఉండవచ్చు. లోతైన గాయాన్ని తెరిచి, గంట కొట్టగానే అలాగే తరగతికి పంపడం మంచిది కాదు. అందుకే స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ అనే చికిత్సకులు అమెరికాలోని మిల్వాకీలో రూపొందించిన పరిష్కారం మీద దృష్టి పెట్టే పద్ధతి బడికి బాగా సరిపోతుంది. అందులో కొలత ప్రశ్న ఒకటుంది. “సున్నా నుంచి పది దాకా చూస్తే ఇవాళ నీ పరిస్థితి ఎక్కడుంది?” “మూడు.” మనం తొందరపడి పదికి ఎలా వెళ్దామని అడుగుతాం. అడగవలసింది, “సున్నా అనకుండా మూడు అన్నావు. ఆ మూడు ఎక్కడినుంచి వచ్చాయి?” ఒకసారి ఒక అమ్మాయి చాలాసేపు ఆలోచించి, “పొద్దున్న తమ్ముడికి చడ్డీ వేసి, బడికి తయారుచేశాను. వాడు నవ్వాడు” అంది. తనకు ఏదీ చేతకాదని అంతసేపూ చెప్పిన పిల్ల. తర్వాత, “నాలుగైతే ఏం వేరుగా ఉంటుంది?” అని అడిగాను. నాలుగు అంటే పదంత భయపెట్టదు.

ఇప్పుడు రహస్యం సంగతి. నేను చేసిన రెండో పెద్ద తప్పు ఇక్కడే ఉంది. ఈ ఉద్యోగంలో రెండో ఏట ఒక పిల్ల, “ఎవరికీ చెప్పనని ఒట్టేయండి, అప్పుడే చెబుతాను” అంది. నేను ఒట్టేశాను. ఆమె చొక్కా చేయి పైకి మడిచింది. చెప్పక తప్పని విషయం. ఆ సాయంత్రమే తల్లిని పిలిపించాను. చేసింది సరైనదే, మాట ఇచ్చింది తప్పు. ఆ పిల్ల ఆ ఏడాదంతా నా వైపు చూడలేదు. అంతకన్నా నష్టం, తన స్నేహితురాళ్ళకు కూడా నా గదికి వెళ్ళవద్దని చెప్పింది.

అప్పటినుంచి ఏ పిల్ల వచ్చినా, ఏమీ మొదలుపెట్టకముందే ఈ మాటలు చెబుతాను: “నువ్వు ఇక్కడ చెప్పేది నా దగ్గరే ఉంటుంది. మూడు సందర్భాల్లో మాత్రం నేను ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది. నీ ప్రాణానికి ముప్పుంటే, నీవల్ల ఇంకొకరికి ముప్పుంటే, నిన్నెవరైనా హింసిస్తుంటే. అప్పుడు కూడా ఎవరికి చెబుతున్నానో, ఏం చెబుతున్నానో ముందు నీకు చెప్పే చేస్తాను.” చిన్నపిల్లలకు ఇంకా తేలిక మాటల్లో చెబుతాను. ఈ హద్దులు నేను సొంతంగా గీసినవి కావు. ఎదుటివాళ్ళకు ముప్పు సంగతిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో టరాసాఫ్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ వృత్తి అంతటి మీదా ప్రభావం చూపింది. చికిత్స చేసేవారి మీద, ప్రమాదంలో ఉన్న మూడో మనిషిని కాపాడే బాధ్యత కూడా ఉంటుందని అది చెప్పింది. హింస గురించి తెలిస్తే అధికారులకు చెప్పి తీరాలని చాలా దేశాల చట్టాలు అంటున్నాయి. మీరు పనిచేసే చోట చట్టం ఏం చెబుతుందో ఉద్యోగంలో చేరకముందే అక్షరం అక్షరం చదువుకోండి.

హద్దులు ముందే చెబితే పిల్లలు నోరు విప్పరని భయపడతారు కొత్తవాళ్ళు. నా అనుభవం వేరు. ఏది బయటికి పోతుందో తెలిసిన పిల్ల, ఎంత చెప్పాలో తనే నిర్ణయించుకుంటుంది. చాలామంది అంతా తెలిసే చెబుతారు. ఇంకొకరికి చెప్పాలనే వాళ్ళ కోరిక, కానీ తామే చెప్పలేరు.

ప్రాణానికి సంబంధించిన ప్రశ్న సూటిగా అడగాలి. “పిచ్చి ఆలోచనలు రావడం లేదు కదా?” అని అడిగితే పిల్లలు మనకు కావలసిన జవాబే ఇస్తారు. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని, గొంతు మార్చకుండా, కళ్ళలోకి చూస్తూ అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదని దీని మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. నేను అడిగినప్పుడు ఎక్కువసార్లు చూసింది భుజాలు కిందికి దిగడం, ఊపిరి వదలడం. అవునంటే, ఎంతకాలంగా, ఎలాగో అనుకున్నావా, ఎప్పుడో అనుకున్నావా అని అడుగుతాను. ఆ క్షణం నుంచి ఆ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలను, బాత్‌రూమ్‌కు కూడా ఒక మనిషిని తోడు పంపుతాను. ఇంట్లోవాళ్ళను అదే రోజు పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి చెబుతాను. ప్రమాదకరమైన వస్తువులేవీ పిల్లకు అందకుండా ఇవాళే తీసేయమంటాను. మానసిక వైద్యులకు అప్పగించేదాకా ఆ పని నాదే.

ఇలాంటప్పుడు “ప్రాణం తీసుకోను” అని కాగితం మీద సంతకం పెట్టించుకోవడం ఒకప్పుడు అలవాటుగా ఉండేది. అది ప్రాణాలు కాపాడుతుందనడానికి రుజువు లేదు, మన భయాన్ని తగ్గించుకోవడానికే పనికొస్తుంది. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించిన భద్రతా ప్రణాళిక దానికన్నా ఎంతో మేలు. పిల్లతో కలిసి, పిల్ల మాటల్లోనే రాస్తాం: ఆ ఆలోచనలు రాబోతున్నాయని నాకెలా తెలుస్తుంది, ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఏం చేస్తే మనసు మళ్ళుతుంది, ఏ మనుషుల మధ్యకు, ఏ చోటికి వెళ్తే తేలికవుతుంది, సాయం కావాలని ఎవరిని అడగగలను, ఏ వైద్యుడికి, ఏ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి, ఇంట్లో ఏమేం దూరంగా పెట్టాలి. చూడండి, ఇందులో సగం మనుషుల పేర్లే. మంచిరోజుల్లో “ఎవరి దగ్గరికి వెళ్తావు?” అని అడుగుతూ రావడం ఇందుకే. ఆ పేర్లు కష్టం ముంచుకొచ్చిన రోజున వెతికితే దొరకవు.

హింస గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. పిల్ల చెప్పడం మొదలుపెడితే, తెలుసుకోవాలన్న ఆత్రంతో ప్రశ్నలు గుప్పించకండి. “ఆయనేనా చేసింది?” లాంటి ప్రశ్న తర్వాత విచారణనే చెడగొట్టవచ్చు. “తర్వాత?” అంటే చాలు. మొహంలో దిగ్భ్రాంతి చూపకండి, పిల్ల అక్కడితో ఆగిపోతుంది. చెప్పినదాన్ని ఆమె వాడిన మాటలతోనే, సమయంతో సహా రాసి పెట్టి, చట్టం చెప్పిన చోట చెప్పండి. నిజానిజాలు తేల్చడం మన పని కాదు.

రోజువారీ పనిలో ఎక్కువ భాగం ఇంత భారంగా ఉండదు. బడికి రానని మొరాయించే పిల్లలు, ఏడిపించడాలు, ఏ చదువు చదవాలన్న తికమక. బడికి రాని పిల్లవాడిని బద్ధకం కింద జమకట్టేస్తారు. క్రిస్టఫర్ కియర్నీ, వెండీ సిల్వర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ రాకపోవడం వెనక నాలుగు కారణాలు చూడమన్నారు: బడిలో ఏదో బాధపెట్టేదాన్నుంచి తప్పించుకోవడం, నలుగురిలో తనను అంచనా వేసే సందర్భాలనుంచి తప్పించుకోవడం, ఇంట్లోవాళ్ళ ఆదరణ కోసం, బయట దొరికే సరదా కోసం. నాలుగింటికీ మందు వేరు. ప్రతి సోమవారం కడుపునొప్పితో ఆగిపోయే ఒక ఆరో తరగతి పిల్లవాడి హాజరు పట్టీ పక్కన టైమ్ టేబుల్ పెట్టి చూశాను. సోమవారం మొదటి పీరియడ్‌లో నిలబడి పైకి చదివే పాఠం ఉంది. వాడికి నత్తి. ఆ టీచర్‌తో మాట్లాడి, ముందురోజే చదవాల్సిన పేరా ఇచ్చి, మొదట ఇంకొకరితో కలిసి చదివేలా చేశాం. కడుపునొప్పి నిజమే, అబద్ధం ఆడలేదు. భయానికి కూడా కడుపు నొస్తుంది.

ఏడిపించడం గురించి నా అభిప్రాయం గట్టిది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపించవద్దు. బడుల్లో ఏడిపించడాన్ని ఆపడానికి నార్వేలో 1983లో మొదలైన జాతీయ ప్రచారం వెనక ఉన్న పరిశోధకుడు డాన్ ఓల్వేయస్ దీన్ని మామూలు తగవునుంచి వేరుచేసి చూపాడు: కావాలని చేయడం, మళ్ళీ మళ్ళీ చేయడం, ఇద్దరి బలం సమానంగా లేకపోవడం. బలం సమానంగా లేని చోట రాజీ అంటే బలహీనుడు మరోసారి లొంగడమే. దెబ్బ తిన్నవాడితో విడిగా, కొట్టినవాడితో విడిగా మాట్లాడాలి. పక్కన నిలబడి చూసినవాళ్ళతోనూ మాట్లాడాలి, తరచుగా ఆట తిరిగేది వాళ్ళ దగ్గరే. కొట్టినవాణ్ణి మీ గదికి పంపినప్పుడు వాడి మీద కూడా శ్రద్ధ పెట్టండి. వాడి పేరు పక్కన కూడా చుక్క ఉండకపోవచ్చు.

చదువూ వృత్తీ ఎంచుకోవడంలో సాయం చేయడాన్ని కొందరు కౌన్సెలర్లు చిన్నచూపు చూస్తారు. మన వృత్తి పుట్టిందే అక్కడ. ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో వృత్తి మార్గదర్శక కేంద్రం తెరిచాడు. తనను తాను తెలుసుకోవడం, పనుల లోకాన్ని తెలుసుకోవడం, రెండింటినీ కలిపి తర్కించడం, ఇవీ ఆయన చెప్పిన మూడు మెట్లు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగరేశాక అమెరికా మరుసటి ఏడాదే చట్టం చేసి కౌన్సెలర్ల శిక్షణకు డబ్బు కుమ్మరించింది. విజ్ఞాన శాస్త్రంలో చురుకైన పిల్లలను వెతికిపెట్టడం వాళ్ళ నుంచి ఆశించినది. ఇప్పటికీ కొందరు ప్రిన్సిపాళ్ళు కౌన్సెలర్‌ను మార్కుల, అడ్మిషన్ల మనిషిగా చూడటానికి మూలం ఎక్కడుందో ఇది చదివాక నాకు అర్థమైంది. అయినా ఆ తలుపును మూయకండి. “నాకు దిగులుగా ఉంది” అని లోపలికి రాలేని పిల్లవాడు, “ఏ కోర్సు తీసుకోవాలి మేడమ్?” అంటూ రాగలడు. ఎవరూ వేలెత్తి చూపరు. నాలుగోసారి వచ్చినప్పుడు అసలు మాట వస్తుంది.

మూడో ప్రశ్న, నిలబడగలనా అన్నది. ఈ ఉద్యోగంలో తొమ్మిదో ఏట నాకు ఒక దశ వచ్చింది. ఒక పిల్లవాడు నా ముందు ఏడుస్తున్నాడు, నాకు ఏమీ అనిపించలేదు. గంట ఎప్పుడు కొడతారా అని చూశాను. ఆ రాత్రి చాలా భయపడ్డాను. మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ పనివల్ల వచ్చే ఇలాంటి అలసట (బర్నౌట్) గురించి చెప్పిన మూడు లక్షణాలు అప్పుడు చదివాను: మనసు పూర్తిగా ఇంకిపోవడం, ఎదుటి మనుషులు వస్తువుల్లా కనిపించడం, నేను చేసేదానికి విలువ లేదనిపించడం. మూడూ నాలో ఉన్నాయి. నన్ను బయటపడేసింది సెలవు కాదు, సూపర్‌విజన్. అనుభవమున్న ఒక కౌన్సెలర్ దగ్గరికి పదిహేను రోజులకోసారి వెళ్ళి, పిల్లల పేర్లు చెప్పకుండా, నేను ఏం చేశాను, ఎక్కడ తడబడ్డాను, ఎవరి కథ నన్ను పట్టుకుంది అని చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ మానలేదు. పిల్లలకు ఒక పెద్దమనిషి కావాలని ఇంత చెప్పే నాకు, తొమ్మిదేళ్ళపాటు అలాంటి మనిషి లేరు.

ఇంకా కొన్ని అలవాట్లు చేసుకున్నాను. బడి వదిలే ముందు పావుగంట కూర్చుని నోట్సు పూర్తిచేస్తాను, రాసినది గదిలోనే తాళం వేసి ఉంచుతాను. రాత్రి పిల్లల ఫోన్లు ఎత్తను. ఈ మాట వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ ఎత్తుతానని చెప్పి ఒక రాత్రి ఎత్తకపోతే జరిగే నష్టం ఊహించండి. ఎత్తనని ముందే చెప్పి, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఇస్తే, ఆ నంబరు పలుకుతుంది. గురువారం మూడో పీరియడ్‌లో కలుస్తానని చెప్పానా, ఇన్‌స్పెక్షన్ వచ్చినా మీటింగ్ ఉన్నా ఆ టైముకు ఆ కుర్చీలో ఉంటాను. కొంచెమే మాట ఇస్తాను. పెద్దవాళ్ళు మాట తప్పడం చూసీ చూసీ వచ్చిన పిల్లలకు, చెప్పిన టైముకు కనబడే మనిషే ఒక కొత్త అనుభవం.

మనసు మెత్తన కావడం అడ్డు కాదు. ఎవరి ఏడుపుకూ నిద్ర చెడని మనిషిని నేను ఈ పనికి తీసుకోను. నిద్ర చెడిన మర్నాడు ఆ బరువు దించుకోవడానికి మీకొక చోటుండాలి.

చివరగా మీరు అడగనిది. కోర్సులో చేరేటప్పుడు పుస్తకాల పట్టిక కన్నా ముందు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పిల్లలతో పనిచేసే గంటలు ఎన్ని ఉన్నాయో అడగండి. ఉద్యోగానికి పిలుపు వచ్చినప్పుడు ప్రిన్సిపాల్‌ను నాలుగు సంగతులు అడగండి. క్రమశిక్షణ పనులు, శిక్షలు నాకు అప్పగిస్తారా? ఎవరైనా సెలవు పెట్టిన ప్రతిసారీ ఆ తరగతికి నన్ను పంపుతారా? ఒక పిల్లవాడి ప్రాణం మీదికి వచ్చిన రోజున, మీరు ఊళ్ళో లేకపోతే, నాతో పాటు నిర్ణయం తీసుకునేది ఎవరు? మాట బయటికి వినపడని గది ఉందా? మొదటి రెండింటి మీద బేరమాడవచ్చు, ఏడాది తిరిగేసరికి మీ పని చూసి వాళ్ళే తగ్గిస్తారు. మూడోదానికి పేరు చెప్పించుకుని రాసి పెట్టుకోండి. గది లేదు, స్టాఫ్‌రూమ్‌లో ఒక మూల కుర్చీ వేస్తామంటే మాత్రం, గది చూపించేదాకా చేరకండి.